శుక్రవారం పేలిన ఓడ

సూరత్ రింగ్ రోడ్ మీద శనివారం పొద్దున్నే నడిస్తే ఒక సంగతి గమనిస్తారు. మార్కెట్ల షట్టర్లు లేచే వేళకి కుర్రాళ్ళు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండలు చేతికి తగిలించుకుని షాపు షాపుకీ తిరుగుతుంటారు. పోయిన వారం దండ విప్పి రోడ్డు మీదకి విసిరేసి, కొత్తది కట్టి, డబ్బులు తీసుకుని పోతారు. పారేసిన దండని తొక్కితే ఆ షాపు దిష్టంతా మనకి అంటుకుంటుందట. అందుకని జనం గెంతుకుంటూ నడుస్తారు. నేను మామూలుగానే నడుస్తాను. ఇప్పటిదాకా చెప్పులకి నిమ్మరసం తప్ప ఇంకేమీ అంటలేదు.

ఇదే రోడ్డు మీద 2025 ఫిబ్రవరిలో శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్ తగలబడింది. ఒకరోజుకి పైగా మండింది. వందల షాపులు బూడిదయ్యాయి. పెద్ద మంట లేచిన రోజు మహాశివరాత్రి. ఇంకేముంది, మర్నాటి నుంచీ టీ బండ్ల దగ్గర ఒకటే చర్చ. శివుడి పేరు పెట్టుకుని శివుణ్ణి మరిచారు గనుక అని ఒకరు, వాస్తు దోషమని ఒకరు. మన హేతువాద మిత్రుడొకరు నాకు ఫోన్ చేసి, "చూశారా, శివరాత్రి నాడే శివశక్తిని శివుడు కాపాడలేకపోయాడు, దీని మీద ఒక వ్యాసం రాయండి" అన్నారు. రాయనన్నాను. ఎందుకు రాయనన్నానో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఆ చర్చ జరుగుతున్న రోజుల్లోనే మా వైపు తమ్ముడు ఒకడు టీ తాగడానికి వచ్చాడు. సిరిసిల్ల వాడు. మగ్గాల మీద నేసిన బట్ట పాండేసరా వైపు మిల్లుల్లో రంగు వేసుకుని, ప్రింటు వేసుకుని ఈ రింగ్ రోడ్ మార్కెట్లకు వస్తుందని తెలుసు కదా. అలాంటి ఒక రంగుల మిల్లులో వాడు బాయిలర్ దగ్గర పని చేస్తాడు. మంటల మాట అయ్యాక వాడి పని మాట వచ్చింది.

"గేజి ముల్లు ఒక్కకాడనే ఆగిపోయిందన్నా. నాలుగు దినాలాయె. ఆవిరి వస్తనే ఉంది, మిషన్లు నడుస్తనే ఉన్నయి, ఇంకేంది అంటడు సూపర్‌వైజరు."

"మరి సేఫ్టీ వాల్వు పని చేస్తోందా?"

"అది మాటిమాటికి ఊదుతున్నదని పోయిన నెల బిగించిన్రు. ఆవిరి వేస్టయితదంట."

"నీకు భయం లేదా తమ్ముడూ?"

"దసరా నాడు బొట్లు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ గొట్టినం. గుమ్మడికాయ తిప్పి పగలగొట్టినం. ఇంకేమైతదన్నా?"

ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. గుమ్మడికాయ వల్ల కాదు, ఆగిపోయిన ముల్లు వల్ల. నూట ఇరవై ఏళ్ళ కింద సరిగ్గా ఇలాంటి కదలని ముల్లే ఒక యుద్ధనౌకలో 66 మందిని చంపింది. ఆ ఓడ చరిత్ర తెలుగులో ఎవరైనా రాశారో లేదో గానీ, బాయిలర్ దగ్గర నిలబడే ప్రతి మనిషికీ, ఆ బాయిలర్‌కి దండ వేసే ప్రతి యజమానికీ చెప్పాల్సిన చరిత్ర అది.

ఓడ పుట్టుక

ఓడ పేరు యూఎస్ఎస్ బెన్నింగ్టన్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1777లో జరిగిన ఒక పోరాటానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. గన్‌బోటు అంటే ఏదో పడవ అనుకోకండి. పెద్ద యుద్ధనౌకల పక్కన చిన్నదే గానీ, పొడవు 244 అడుగులు, బరువు సుమారు 1,700 టన్నులు, ఆరంగుళాల ఫిరంగులు ఆరు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని చెస్టర్ ఓడల కార్ఖానాలో తయారై 1890లో నీళ్ళలోకి దిగింది. 1891 జూన్ 20న నౌకాదళంలో చేరింది. తెరచాపలూ ఉండేవి, ఆవిరి యంత్రాలూ ఉండేవి. పాత కాలం పోయి కొత్త కాలం వస్తున్న రోజుల్లో ఒకదాన్ని నమ్మలేక రెండూ పెట్టుకున్నారు. ఓడ కడుపులో బొగ్గుతో కాలే నాలుగు బాయిలర్లు. మన కథంతా వాటి దగ్గరే.

ఆ రోజుల్లో గన్‌బోటు చేసే పని ఏమిటో చెప్పాలి. పెద్ద యుద్ధాలు చెయ్యడం దాని పని కాదు. బలమున్న దేశం బలం లేని దేశాల రేవుల్లో తన ఫిరంగుల్ని చూపించి, అడిగింది ఇప్పించుకోవడానికి పంపే ఓడ అది. బెన్నింగ్టన్ కూడా హవాయి దీవుల దగ్గర కాపలా కాసింది. 1899 నుంచి రెండేళ్ళ పాటు ఫిలిప్పీన్స్ తీరంలో తిరిగింది. ఆ దేశపు స్వాతంత్ర్య యోధుల్ని అమెరికా సైన్యం అణిచిన కాలం అదే. కనుక ఆ ఓడ మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు.

దాని పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కించింది మాత్రం ఒక చిన్న దీవి. పసిఫిక్ మధ్యలో, జనం లేని వేక్ అనే పగడపు దీవి. 1899 జనవరి 17న కమాండర్ టాసిగ్ నాయకత్వంలో బెన్నింగ్టన్ అక్కడికి వెళ్ళి అమెరికా జెండా పాతింది. ఎవరూ ఎదురు రాలేదు, ఎవరికీ గాయం కాలేదు. ఆ దీవి ఇవాళ్టికీ అమెరికాదే.

పంచాంగం నమ్మేవాళ్ళ కోసం ఒక మాట: ఆ రోజు మంగళవారం. మంగళవారం నాడు కొత్త పని మొదలుపెట్టకూడదని మన ఇళ్ళలో ఎంత పట్టింపో మీకు తెలుసు. ఈ వారం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

1905 జూలై 21

ఆరేళ్ళ తర్వాత బెన్నింగ్టన్ హవాయి నుంచి వచ్చి కాలిఫోర్నియాలోని సాన్ డియేగో రేవులో లంగరు వేసింది. పాడైన మరో నౌకకి సాయంగా వెళ్ళమని ఆదేశం అందింది. 21వ తేదీ పొద్దున బాయిలర్లు రాజేశారు.

చల్లారి ఉన్న బాయిలర్‌ని మళ్ళీ వేడి చేసేటప్పుడు లోపల గాలి ఉంటుంది. పైన ఒక చిన్న కుళాయి తెరిచిపెడితే ఆ గాలి బయటికి పోతుంది. ఆవిరి రావడం మొదలయ్యాక ఆ కుళాయి కట్టెయ్యాలి. 'బి' అనే బాయిలర్ దగ్గర ఒక పనివాడికి ఆ పని చెప్పారు. అతను కుళాయి కట్టేశాడు. కానీ గాలి కుళాయి కాదు. బాయిలర్ నుంచి ఆవిరి గేజికి వెళ్ళే దారిని కట్టేశాడు. విచారణలో తేలింది ఇదే.

ఇప్పుడేం జరిగిందో చూడండి. లోపల ఒత్తిడి పెరుగుతోంది. గేజికి దారి మూసేశారు గనుక ముల్లు కదలడం లేదు. కింద ఉన్నవాళ్ళకి ముల్లు కదలకపోవడమంటే 'ఇంకా ఆవిరి రాలేదు' అని అర్థం. ఆవిరి రావాలంటే ఏం చెయ్యాలి? ఇంకా బొగ్గు వెయ్యాలి. వేశారు. ఒత్తిడి ఇంకా పెరిగింది. ముల్లు అలాగే ఉంది.

సరే, ముల్లు మోసం చేస్తే కాపాడ్డానికే కదా సేఫ్టీ వాల్వు ఉన్నది? ఒత్తిడి హద్దు దాటితే దానంతట అదే తెరుచుకుని ఆవిరిని బయటికి వదిలెయ్యాలి. దానికి తోడు ముందే ఈల వేసి హెచ్చరించే చిన్న సెంటినల్ వాల్వు కూడా ఉంటుంది. రెండూ తెరుచుకోలేదు. చాలాకాలంగా వాటిని పట్టించుకున్నవాళ్ళు లేక బిగుసుకుపోయి ఉన్నాయి.

బాయిలర్‌లో ఒకచోట చిన్న లీకు కనిపించింది. దాన్ని చూడమని మనిషిని పిలిచారు. ఆ కాసేపట్లోనే, పదిన్నర దాటాక, బాయిలర్ పగిలింది. మామూలు గాలి ఒత్తిడిలో ఒక లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్ల కంటే ఎక్కువ చోటు అడుగుతుంది. బాయిలర్ లోపలి నీరు వంద డిగ్రీలు ఎప్పుడో దాటిపోయి, ఒత్తిడి వల్ల మాత్రమే నీరుగా ఉంటుంది. ఇనుము చీలిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది. అప్పుడు ఆ నీరు మెల్లగా మరగదు, చాలాభాగం ఒక్కసారిగా ఆవిరిగా లేస్తుంది. బాయిలర్ పేలుడంటే అదే. పగిలిన 'బి' వెళ్ళి పక్కనున్న 'ఎ'ని గుద్దింది, అదీ పేలింది. కొందరు ఎగిరి నీళ్ళలో పడ్డారు. కింద ఉన్నవాళ్ళు ఆవిరిలో ఉడికిపోయారు. ఈ మాట రాయడానికి నాకే కష్టంగా ఉంది, కానీ మెత్తని మాట వాడితే అబద్ధమవుతుంది.

ఒక అధికారీ 65 మంది నావికులూ చనిపోయారు. 46 మంది గాయపడ్డారు. గాయపడి కూడా తోటివాళ్ళని బయటికి లాగినవాళ్ళలో 11 మందికి అమెరికా అత్యున్నత సాహస పతకం ఇచ్చారు. అది యుద్ధం కాదు, శత్రువు లేడు, తూటా పేలలేదు. ఫిలిప్పీన్స్ యుద్ధంలో తిరిగి క్షేమంగా వచ్చిన ఓడ, సొంత దేశపు రేవులో ఒక కుళాయి వల్లా రెండు బిగుసుకుపోయిన వాల్వుల వల్లా పోయింది. చనిపోయినవాళ్ళ కోసం సాన్ డియేగోలో నిలబెట్టిన రాతి స్తంభాన్ని 1908 జనవరిలో ఆవిష్కరించారు. ఆ ఓడ మళ్ళీ నౌకాదళంలో పని చెయ్యలేదు. 1910లో అమ్మేశారు. చివరి రోజుల్లో ఇంజన్లు లేని బార్జిగా మారి, హవాయిలో సరుకు మోసి, 1924లో ఓహు దీవి దగ్గర సముద్రంలో ముంచేస్తే మునిగింది.

శుక్రవారం ఎవరిది?

1905 జూలై 21 శుక్రవారం. పాశ్చాత్య నావికులకి శుక్రవారం అంటే పెద్ద భయం. ఆ రోజు ప్రయాణం మొదలుపెడితే ఓడకి అరిష్టమని శతాబ్దాల నమ్మకం. చూశారా, శుక్రవారం కదిలింది గనుక పేలింది అనడానికి వాళ్ళకి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

మరి మన వాళ్ళని అడగండి. శుక్రవారం లక్ష్మీదేవికి ఇష్టమైన రోజు. ఇంతకంటే శుభమైన రోజు లేదు. కొత్త షాపు తెరవాలన్నా, తాళి కొనాలన్నా శుక్రవారమే. అదే ఓడ మంగళవారం నాడు ఒక దీవిని, ఎవరికీ గీతైనా పడకుండా, సొంతం చేసుకుంది. మన లెక్క ప్రకారం మంగళవారం దెబ్బతిని శుక్రవారం లాభపడాలి. వాళ్ళ లెక్క ప్రకారం జరిగింది సబబు. వాళ్ళ శాస్త్రం నిజమా, మన శాస్త్రం నిజమా? లేక శుక్రవారం సముద్రంలో ఒకలా, సిరిసిల్లలో ఒకలా పని చేస్తుందా?

ఓడలన్నీ వారంలో ఏదో ఒక రోజు కదలాలి. ఏదో ఒక రోజు పేలాలి. ఏడు రోజులే ఉన్నాయి కాబట్టి ఏ ప్రమాదం జరిగినా ఎవరో ఒకరి పంచాంగంలో అది చెడ్డరోజే అవుతుంది. అంచేతే శివరాత్రి వ్యాసం రాయనన్నాను. శివరాత్రి నాడు కాలింది గనుక శివుడికి కోపం వచ్చింది అనేవాడూ, శివరాత్రి నాడు కాలింది గనుక శివుడు లేడు అనేవాడూ చేస్తున్నది ఒకే పొరపాటు. ఇద్దరూ మంటకి కారణాన్ని క్యాలెండర్లో వెతుకుతున్నారు. కరెంటు తీగల్లోనూ, మెట్ల దారుల్లోనూ, నీళ్ళ పైపుల్లోనూ వెతకడం లేదు. దేవుడి మీద కోపంతో మనం కూడా అక్కడే ఆగిపోతే భక్తుడికీ మనకీ తేడా ఏముంది?

తప్పెవరిది?

బెన్నింగ్టన్ విషయంలో కూడా సులువైన జవాబు ఒకటి దొరికింది: కుళాయి తప్పు కట్టిన పనివాడు. 'వాడి అజాగ్రత్త' అనేస్తే ఫైలు మూసెయ్యొచ్చు. మన దేశంలో ప్రమాదం జరిగిన ప్రతిసారీ 'మానవ తప్పిదం' అనే రెండు మాటలతో ఇదే చేస్తారు.

కానీ ఆలోచించండి. మనిషన్నాక ఎప్పుడో ఒకరోజు తప్పు కుళాయి తిప్పుతాడు. అది తెలిసే కదా సేఫ్టీ వాల్వు కనిపెట్టింది! మనిషి తప్పు చేసినా ప్రాణాలు పోకూడదనేదే ఆ వాల్వు ఉన్నందుకు అర్థం. పనివాడు చేసిన తప్పు ఒక్క క్షణానిది. ఆ వాల్వుల్ని బిగుసుకుపోనిచ్చిన తప్పు చాలా నెలలది. మొదటి దానికి నిందపడేది కింది మనిషి మీద, రెండో దానికి జవాబు చెప్పాల్సింది పై మనుషులు.

ఇంకొంచెం లోతుకి వెళ్దాం. 1899లో అమెరికా నౌకాదళం ఇంజనీర్లకి విడిగా ఉన్న శాఖని ఎత్తేసి మామూలు అధికారుల్లో కలిపేసింది. ఓడ నడపడం నేర్చుకున్న అధికారే ఇంజన్లూ చూసుకుంటాడన్నారు. ఇంజన్లంటే ఇష్టం లేనివాళ్ళకీ, శిక్షణ చాలనివాళ్ళకీ బాయిలర్లు అప్పగించారు. బెన్నింగ్టన్‌లో ఆ బాధ్యత ఒక కుర్ర అధికారి మీద పెట్టారు. పేలుడు తర్వాత ఆయన్నీ, కమాండర్ లూసియన్ యంగ్‌నీ కోర్టు మార్షల్ చేశారు. కుర్ర అధికారి నిర్దోషిగా బయటపడ్డాడు. ఇంజనీరింగ్ తెలిసిన వాళ్ళని పక్కన పెట్టినందుకే ఇదంతా జరిగిందా అని ఆ దేశంలో పెద్ద చర్చ లేచింది. 66 మంది చావుకి కారణం ఆ పొద్దున ఒక్క చెయ్యి తిరిగిన తిప్పులోనే లేదు, ఆరేళ్ళ కింద రాజధానిలో పడిన సంతకంలో కూడా ఉంది.

కర్మ సిద్ధాంతం ఈ ప్రశ్నలన్నిటినీ మొదట్లోనే ఆపేస్తుంది. 'రాసిపెట్టి ఉంది' అన్నాక ఎవరు సంతకం పెట్టారు అని అడగడానికేముంది? యజమానికి ఇంతకంటే చవకైన వకీలు దొరకడు. చచ్చినవాడి కుటుంబమే వచ్చి 'వాడి ఆయుష్షు అంతే' అని కేసు వెనక్కి తీసుకుంటుంది.

పూజ చేస్తే నష్టమేమిటి?

ఇది మిత్రులు తరచూ అడిగే ప్రశ్న. 'పూజ చేసుకుంటే వాళ్ళకి ధైర్యం. మీకేం పోయింది?'

ధైర్యమే ఇక్కడ సమస్య. బాయిలర్ ముందు నిలబడ్డ మనిషికి ఉండాల్సింది ధైర్యం కాదు, సరైన చోట సరైన భయం. మా తమ్ముడికి ముల్లు ఆగిన మొదటి రోజు భయం వేసే ఉంటుంది. ఆ భయం వాణ్ణి సూపర్‌వైజర్ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ మందలింపు దొరికింది. మిగిలిన భయాన్ని గుమ్మడికాయ మింగేసింది. లోపల ఒత్తిడి పెరుగుతుంటే బయట ముల్లు కదలకుండా చేసింది బెన్నింగ్టన్‌లో ఆ కుళాయి. మనిషి లోపలి భయం విషయంలో పూజ చేసేది అదే పని.

పూజ నిజంగా పని చేస్తుందా అని తేల్చుకోవడం కూడా కష్టమేమీ కాదు. కాగితం మీద నాలుగు గళ్ళు గియ్యండి. పూజ చేసి పేలినవి, పూజ చేసి పేలనివి, పూజ చెయ్యక పేలినవి, పూజ చెయ్యక పేలనివి. మన దేశంలో ఆయుధపూజ చెయ్యని ఫ్యాక్టరీని మీరెన్ని చూశారు? చివరి రెండు గళ్ళూ దాదాపు ఖాళీ. పేలినదానికీ పేలనిదానికీ ఇద్దరికీ గుమ్మడికాయ కొట్టారు. అలాంటప్పుడు తేడా గుమ్మడికాయ వల్ల రాలేదని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇప్పుడు పూజ తీసేసి 'సేఫ్టీ వాల్వు పరీక్ష' అని రాసి అవే నాలుగు గళ్ళు నింపండి. గళ్ళ మధ్య తేడా కనిపిస్తుంది.

నిజానికి చరిత్ర ఈ పరీక్ష చేసి చూపించింది. బెన్నింగ్టన్ పేలడానికి నాలుగు నెలల ముందు, 1905 మార్చి 20న, మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్ ఊళ్ళో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. ఆ రాష్ట్రం 1907లో బాయిలర్ నియమాలు చట్టం చేసింది. తర్వాత అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం దేశమంతటికీ ఒక బాయిలర్ నియమావళి తయారు చేసింది. ఎంత మందం ఇనుము, ఎలాంటి అతుకు, ఎంత ఒత్తిడి, ఏ వాల్వు అని లెక్క రాసిపెట్టిన పుస్తకం అది. ఇవాళ బాయిలర్ పేలుడు వార్త అయిందంటే, ఒకప్పుడు అది ఊరూరా జరిగే మామూలు సంగతి కాబట్టి, ఆ లెక్క పని చేసిందనే అర్థం.

మన దేశం ఇందులో వెనకబడిందేమీ కాదు. 1863లో కలకత్తాలో జరిగిన ఒక పేలుడు తర్వాత 1864లోనే బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. దేశమంతటికీ 1923లో వచ్చింది. 2025లో దాని స్థానంలో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. సేఫ్టీ వాల్వుని పని చెయ్యకుండా చేయడం నేరమని 1923 నాటి చట్టంలోనే రాసి ఉంది. అంటే మా తమ్ముడి మిల్లులో 'ఆవిరి వేస్టు' అని బిగించిన ఆ వాల్వు వందేళ్ళ నుంచీ నేరమే. చట్టం పుస్తకంలో ఉంది, దండ బాయిలర్ మీద ఉంది.

విశాఖలో అదే ముల్లు

'ఇదంతా పాత కథ, ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి' అంటారేమో. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ళోకి పాకింది. నిద్రలో ఉన్నవాళ్ళతో సహా 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పిన కారణాల్లో ఒకటి చూడండి. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. మధ్యలో లేదు, పైన లేదు. చల్లబరిచే ఏర్పాటు ఉన్న అడుగున అంతా బాగానే కనిపించింది. వేడెక్కింది పైన.

ఆ పరికరం అబద్ధం చెప్పలేదు. దాన్ని పెట్టిన చోట ఎంత ఉందో అంతే చెప్పింది. వేడి ఉన్నచోట ఎవరూ కొలవలేదు. బెన్నింగ్టన్ గేజి కూడా అంతే, దాని దాకా వచ్చిన ఒత్తిడిని అది సరిగ్గానే చూపించింది.

హేతువాదులుగా మనం పట్టుకోవాల్సిన అసలు పాఠం ఇక్కడ ఉంది. కనపడలేదు గనుక లేదు అనడం అన్నిసార్లూ సరికాదు. ఉంటే కనపడే ఏర్పాటు చేసి, అది పని చేస్తోందని పరీక్షించి, అప్పటికీ కనపడకపోతే లేదనాలి. దేవుడి విషయంలో మనం వాదించేటప్పుడు ఈ షరతుని జాగ్రత్తగానే పాటిస్తాం. బాయిలర్ దగ్గరికి, ట్యాంకు దగ్గరికి, మార్కెట్ వైరింగ్ దగ్గరికి వచ్చేసరికి 'ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా' అనే మాటతో మనమూ సరిపెట్టుకుంటాం. ఇన్నాళ్ళూ ఏం కాకపోవడం అనేది కదలని ముల్లు. అది క్షేమంగా ఉన్నామనీ చెప్పొచ్చు, దారి మూసుకుపోయిందనీ చెప్పొచ్చు. ఏదో తెలియాలంటే విప్పి చూడాలి.

మన పని

మన సంఘాల కార్యక్రమాలు ఒకసారి గుర్తు చేసుకోండి. నిప్పుల మీద నడిచి చూపిస్తాం. గాలిలోంచి విభూతి తీసి చూపిస్తాం. జనం చప్పట్లు కొడతారు. మంచిదే, ఆ పని ఆపమనను. కానీ రింగ్ రోడ్ మీద నిమ్మకాయ దండని వెక్కిరించి వచ్చేసే హేతువాది ఆ షాపు వెనక మెట్ల దారిలో బట్టల మూటలు పేర్చి ఉన్నాయేమో చూశాడా? మంటలార్పే ఎర్ర సిలిండర్ మీద తేదీ చదివాడా? దండ తీసేసినంత మాత్రాన షాపుకి క్షేమం రాదు. దండ చెయ్యని పనిని ఏది చేస్తుందో చూపించాలి. చూపించకుండా దండని మాత్రం తెంపితే, జనానికి ఉన్న ఒక్క ధైర్యాన్నీ లాగేసి వెళ్ళిపోయినవాళ్ళమవుతాం. మన మాట ఎందుకు వింటారు?

మా తమ్ముడితో నేను దేవుడి గురించి వాదించలేదు. బెన్నింగ్టన్ కథ చెప్పాను. గేజి దారి కట్టేశారని, ముల్లు కదలలేదని, బొగ్గు వేస్తూ పోయారని చెప్పినప్పుడు వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. "మా దాంట్ల గూడ గేజి కింద ఒక చిన్న వాల్వు ఉంటదన్నా" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

వాడికి మూడు మాటలు చెప్పాను. ఒకటి, ముల్లు ఆగిన గేజి ఉంటే బాయిలర్ రాజెయ్యనని చెప్పు, ఒక్కడివే కాదు, షిఫ్టులో ఉన్నవాళ్ళందరూ కలిసి చెప్పండి. రెండు, సేఫ్టీ వాల్వు ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో సర్టిఫికెట్లో రాసి ఉంటుంది, దాని నకలు అడగండి. మూడు, వాల్వు బిగించమన్నది ఎవరో కాగితం మీద రాయమనండి. బిగించమని నోటితో చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, సంతకం పెట్టేవాళ్ళు మాత్రం ఉండరు.

వాడు వెళ్ళి అడిగాడు. నలుగురు కలిసి అడిగారు. రెండు రోజులు సణిగి, మూడో రోజు గేజి మార్చారు. వాల్వు విషయం ఇంకా తేలలేదు. 'చూద్దాం' అంటున్నారట. నేను ప్రతి వారం ఫోన్ చేసి అడుగుతున్నాను.

వచ్చే దసరాకి వాళ్ళు మళ్ళీ గుమ్మడికాయ కొడతారు. కొట్టుకోనివ్వండి. కొట్టే ముందు వాల్వు పరీక్ష చేసిన తేదీ పక్కన గోడ మీద సుద్దతో రాయమని చెప్పాను. రెండిట్లో ఏది లేకపోతే తనకి భయం వేస్తుందో వాడే తేల్చుకుంటాడు. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా బాయిలర్ దగ్గర పని చేస్తుంటే వాళ్ళకి ఈ ఓడ కథ చెప్పండి. శుక్రవారమైనా పర్లేదు.